దోస్త్ ఇప్పుడే చెయ్యాలా, ఆగాలా?

తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి, దోస్త్ కన్వీనర్ గారికి ఒక బహిరంగ లేఖ

విషయం: దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల విధానం) ద్వారా జరిగే మొదటి సెమిస్టర్ ప్రవేశాల షెడ్యూలు గురించి.

అయ్యా,

ఏటా వేసవిలో డిగ్రీ కాలేజీల హెల్ప్‌లైన్ కేంద్రాల్లో కూర్చునే మాలాంటి అధ్యాపకులకు ఒక ప్రశ్న తప్పదు. "సార్, దోస్తు ఇప్పుడే చెయ్యాల్నా, ఆగాల్నా?" కోర్సు గురించి, కాలేజీ గురించి అడిగేవాళ్లు కూడా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తారు.

వినడానికి చిన్న ప్రశ్నే. సరైన జవాబు చెప్పాలంటే మాత్రం చాలా తెలిసుండాలి. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ఎప్పుడు మొదలవుతుందో, సప్లిమెంటరీ ఫలితాలు ఏ రోజున వస్తాయో, నీట్ సీట్ల లెక్క ఏ నెలకు తేలుతుందో, మొదటి విడత గడువు అన్న తేదీకే ముగుస్తుందో మళ్లీ పొడిగిస్తారో తెలియాలి. ఇంటర్ పాసై రెండు వారాలైనా కాని పిల్లకు ఇవేవీ తెలియవు. పక్కన నిలబడ్డ తండ్రికీ తెలియవు. నిజం చెప్పాలంటే కంప్యూటర్ ముందు కూర్చున్న మాకూ తెలియవు. తెలిసే వీలున్నది మీకు. ఇంజినీరింగ్ ప్రవేశాలకు పెట్టే ఎప్‌సెట్ పరీక్ష మీ మండలి పేరు మీదే జరుగుతుంది. ఇంటర్ బోర్డు, సాంకేతిక విద్యాశాఖ మీరు ఒక సమావేశానికి పిలిస్తే వచ్చేవే. అందుకే ఎప్పుడు రిజిస్టర్ చేసుకోవాలన్న లెక్కను పిల్లల నెత్తి మీద నుంచి దించి మీ టేబుల్ మీదికి తీసుకోండని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మంచిని ముందు ఒప్పుకోవాలి. 2016లో దోస్త్ రాకముందు డిగ్రీలో చేరాలంటే ఒక్కో కాలేజీలో ఒక్కో దరఖాస్తు కొనాలి. మెమోల జిరాక్సులు కట్టలుగా తీయించుకుని ఊళ్లు తిరగాలి. ఏ కాలేజీలో ఎన్ని సీట్లు మిగిలాయో ఆఫీసులో కూర్చున్నాయన నోటిమాటే ప్రమాణం. ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, పాలమూరు, మహాత్మాగాంధీ, శాతవాహన విశ్వవిద్యాలయాల కింద ఉన్న కాలేజీల్లో చాలా భాగం దోస్త్‌తో ఒక్కచోటికి వచ్చాయి. ఆదిలాబాద్ అమ్మాయి బస్సెక్కకుండానే నిజాం కాలేజీకీ, కోఠి మహిళా విశ్వవిద్యాలయానికీ ఆప్షన్ పెట్టుకోగలుగుతోంది. మార్కులు, రిజర్వేషన్ చూసి సీటు ఇస్తున్నారు, ముఖం చూసి ఇవ్వడం లేదు. ఇది చిన్న మార్పు కాదు. దాన్ని వెనక్కి తిప్పమని ఎవరూ అడగడం లేదు.

చిక్కంతా తేదీల్లో ఉంది. 2025 ప్రవేశాలనే ముందు పెట్టుకుని చూడండి. ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 22న వచ్చాయి. మే 2న మీరు దోస్త్ నోటిఫికేషన్ ఇచ్చారు. దాని ప్రకారం మొదటి విడత రిజిస్ట్రేషన్లు మే 3 నుంచి 21 వరకు, సీట్ల కేటాయింపు మే 29న. రెండో విడత మే 30 నుంచి జూన్ 8 వరకు, మూడో విడత జూన్ 13 నుంచి 19 వరకు. మొదటి సెమిస్టర్ తరగతులు జూన్ 30న. ఇంతవరకు చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. విద్యా సంవత్సరం జూన్‌లోనే మొదలైతే అందరికీ మంచిదే.

ఇప్పుడు పక్క కాగితం తీయండి. ఎప్‌సెట్ ఫలితాలు మే 11న వచ్చాయి. ఇంజినీరింగ్ విభాగంలో అర్హత సాధించినవాళ్లు లక్షన్నర మంది పైమాటే. వాళ్ల కౌన్సెలింగ్‌కు స్లాట్ బుకింగ్ మొదలైంది జూన్ 28న. అంటే డిగ్రీ తరగతులు మొదలు కావడానికి రెండు రోజుల ముందు. తొలి విడత సీట్లు తేలింది జూలై మధ్య దాటాక. రెండో విడత జూలై 25న, చివరి విడత ఆగస్టు 5న మొదలయ్యాయి. నీట్ ఫలితాలు జూన్ 14న వచ్చినా రాష్ట్రంలో ఎంబీబీఎస్ సీట్ల తతంగం ఆ తర్వాత నెలల తరబడి సాగింది.

మే నెలలో మా ముందు కూర్చున్న ఎంపీసీ పిల్లాడికి ఎప్‌సెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. కన్వీనర్ కోటాలో సీటు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా ఊరికి దూరంగా, ఫీజు భరించలేని కాలేజీలో రావచ్చు. అది తేలడానికి ఇంకా రెండు నెలలుంది. దోస్త్ మొదటి విడత మాత్రం మే 21నే ముగిసిపోతుంది. ఇప్పుడు చెప్పండి, వాడు చెయ్యాలా, ఆగాలా?

ఆగితే ఏమవుతుందో మీ నిబంధనల్లోనే ఉంది. మొదటి విడతలో రిజిస్ట్రేషన్ రుసుము 200 రూపాయలు. రెండో, మూడో విడతల్లో అదే పనికి 400. రుసుము ఒక్కటే అయితే ఏదోలా సర్దుకుంటారు. మంచి కాలేజీలో మంచి కోర్సు సీట్లు మొదటి విడతలోనే నిండుకుంటాయి. రాష్ట్రం మొత్తం మీద డిగ్రీ సీట్లలో దాదాపు సగం ఏటా ఖాళీగా మిగులుతున్న మాట నిజమే. ఆ ఖాళీలన్నీ ఎవరూ కోరుకోని చోట్ల ఉన్నవి. హైదరాబాద్‌లో నిజాం కాలేజీ, సిటీ కాలేజీ, బేగంపేట మహిళా కళాశాల లాంటి చోట్ల, జిల్లా కేంద్రాల్లో పేరున్న ప్రభుత్వ కాలేజీల్లో బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ సీటు జూన్ మధ్యలో వచ్చినవాడి కోసం కాచుకుని ఉండదు.

ఆగకుండా చేరితే ఇంకో తంటా. సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యాలి, లేకపోతే సీటు పోతుంది. తర్వాత కాలేజీకి వెళ్లి రిపోర్టు చేసి టీసీ, మెమోలు చూపించాలి. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో చూపించిన కాగితాలు బీరువాలోకి వెళ్తాయి, తిరిగి రావు. ఆగస్టులో పిల్లాడికి ఇంజినీరింగ్ సీటు వచ్చి సర్టిఫికెట్ల కోసం వెళ్తే, "మూడేళ్ల ఫీజు కట్టి తీసుకుపో" అన్న మాట వినపడుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపి ఉంచుకోకూడదని, ప్రవేశం రద్దు చేసుకుంటే ఫీజు ఎంత తిరిగివ్వాలో రోజుల లెక్కన యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫై చేసింది. ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజుల ముందే మానుకుంటే దాదాపు మొత్తం ఫీజు, ఆ పదిహేను రోజుల లోపు అయితే 90 శాతం, చివరి తేదీ దాటిన పదిహేను రోజుల్లో అయితే 80 శాతం, ముప్పై రోజుల్లో అయితే 50 శాతం వెనక్కి రావాలి. ఆ కాగితం ఊళ్లో ఉన్న తండ్రి దగ్గర లేదు. కాలేజీ నోటీసు బోర్డు మీదా కనపడదు.

ముందు వచ్చిన బస్సు ఎక్కితే టికెట్ డబ్బులు పోతాయి, వెనక బస్సు కోసం ఆగితే సీటు దొరకదు, ఆ వెనక బస్సు వస్తుందో రాదో చెప్పేవాడు లేడు. డిగ్రీ ప్రవేశాల్లో మన పిల్లలు నిలబడ్డ స్టాపు అది.

సప్లిమెంటరీ పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. 2025లో ఇంటర్ రెండో సంవత్సరం ఉత్తీర్ణత 71.37 శాతం. మిగతావాళ్లలో చాలామంది మే 22న మొదలైన అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాశారు. వాళ్ల ఫలితాలు జూన్ 16న వచ్చాయి. మీరు మే 2న ప్రకటించిన షెడ్యూలు ప్రకారం మూడో విడత రిజిస్ట్రేషన్ల చివరి రోజు జూన్ 19. మూడు రోజుల్లో మార్కుల మెమో దింపుకోవాలి, కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో తెచ్చుకోవాలి, రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, ఆప్షన్లు పెట్టుకోవాలి. రుసుము 400. ముందే చేరే అవకాశం లేనివాడి దగ్గర ఆలస్య రుసుము లాంటిది తీసుకోవడం ఏ లెక్కన న్యాయం? వాడు ఆలోచిస్తూ కూర్చుని ఆలస్యం చేయలేదు. ఫలితమే జూన్ 16న వచ్చింది. ఒక్క సబ్జెక్టు పోయిన పిల్లలు ఎక్కువగా ఎవరి ఇళ్లలో ఉంటారో మీకు తెలియనిది కాదు. ఆ ఇళ్లలో 200 రూపాయలంటే పూట గడిచే సంగతి.

ఇక హెల్ప్‌లైన్ టేబుల్ దగ్గర జరిగేది ఒకటి చెప్తాను. రిజిస్ట్రేషన్ ముందుకు కదలాలంటే మామూలుగా పిల్ల ఆధార్‌కు ఫోన్ నంబరు అనుసంధానమై ఉండాలి. మా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి ఆధార్‌కు ఉన్నది మేనమామ పాత నంబరు. చిన్నప్పుడెప్పుడో కార్డు తీయించినప్పుడు ఇచ్చినది. ఆ సిమ్ ఎప్పుడో మూలన పడింది. ఓటీపీ ఎక్కడికో పోతోంది, తెర మీద సెకన్లు తగ్గుతున్నాయి, పిల్ల ఫోన్ వంక, మా వంక చూస్తోంది. తల్లి కూలి మానుకుని వచ్చింది. "ఆధార్ సెంటర్‌కు పోయి నంబరు మార్పించుకోని రాండి అమ్మా" అని పంపించాం. మండలంలో ఆధార్ సెంటర్ ముందు తెల్లవారుజామునే చెప్పులు వరుసలో పెట్టి ఉంటాయి. నంబరు మారి వ్యవస్థలోకి ఎక్కేసరికి మొదటి విడత ముగిసింది. ఆ అమ్మాయి ఆలోచించి ఆగింది కాదు, ఆగిపోయింది. మీ లెక్కల్లో మాత్రం ఆమె రెండో విడతలో 400 కట్టి చేరిన అభ్యర్థి.

ఇదే ఓటీపీని వేరే రకంగా వాడుకునేవాళ్లూ ఉన్నారు. ఇంటర్ పరీక్షలు అయ్యీకాకముందే కొన్ని ప్రైవేటు కాలేజీల తరఫున మనుషులు ఊళ్లలోకి దిగుతారు. "రిజిస్ట్రేషన్ మేమే ఫ్రీగా చేస్తాం, ఆధార్ నంబరు చెప్పు, ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పు" అంటారు. ఆప్షన్లలో వాళ్ల కాలేజీ ఒక్కటే పెడతారు. పిల్లకు సీటొచ్చిన సంగతి కాలేజీ వాళ్లు ఫోన్ చేస్తేనే తెలుస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మీరూ ఏటా ప్రకటనలిస్తున్నారు. అయినా వాళ్ల మాట చెల్లడానికి కారణం ఒకటుంది. ఎప్పుడు చెయ్యాలో తెలియక అయోమయంలో ఉన్న ఇంటికి "ఇప్పుడే చేసెయ్యాలె, లేకుంటే సీటు పోతది" అని గట్టిగా చెప్పేవాడు దొరికితే అతనే పెద్దదిక్కు. ప్రభుత్వం ఖాళీగా వదిలిన చోట ఏజెంటు కుర్చీ వేసుకుంటాడు.

ఆప్షన్ల సంగతి చూసినా ఇదే తంతు. 2025 మొదటి విడతలో 65,191 మంది వెబ్ ఆప్షన్లు ఇస్తే 60,436 మందికి సీట్లు వచ్చాయి. మిగిలిన 4,755 మందికి రాలేదు. సగం సీట్లు ఖాళీగా ఉండే వ్యవస్థలో దాదాపు అయిదు వేల మందికి ఏ సీటూ రాకపోవడం చిత్రంగానే ఉంటుంది. కారణం మాకు రోజూ కనపడేదే. ఒకటి రెండు ఆప్షన్లతో సరిపెడతారు. "ఇంకో నాలుగు కాలేజీలు పెట్టు బిడ్డా" అంటే "వద్దు సార్, అదే కావాలె" అంటారు. ఎక్కువ ఆప్షన్లు పెడితే మొదటిది రాకుండా పోతుందేమోనని వాళ్ల భయం. పై ఆప్షన్‌కు అర్హత ఉంటే కింది ఆప్షన్లు ఎన్ని ఉన్నా దానికి అడ్డురావు. ఈ ఒక్క ముక్క రిజిస్ట్రేషన్ పేజీలో తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాస్తే సగం భయం తీరుతుంది. అలాగే మొదటి రోజే చేస్తే ముందు సీటిస్తారని తెల్లారకముందే ఇంటర్నెట్ సెంటర్ల దగ్గరికి పరిగెత్తేవాళ్లున్నారు. ఒక విడతలో మొదటి రోజు చేసినా చివరి రోజు చేసినా లెక్కలోకి వచ్చేవి మార్కులూ రిజర్వేషనే. తేడా విడతకూ విడతకూ మధ్య ఉంటుంది, రోజుకూ రోజుకూ మధ్య కాదు.

ఇదంతా ప్రవేశాల గోల, చదువుతో ఏం సంబంధం అనుకోవచ్చు. మా తరగతి గదిలోకి ఒకసారి వచ్చి చూడండి. నేను బీకాం మొదటి సెమిస్టర్‌కు అకౌంటింగ్ చెప్తాను. జూలై మొదటి వారంలో బల్లల మీద కూర్చున్నవాళ్లలో ఇంటర్‌లో సీఈసీ చదివినవాళ్లున్నారు, ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లున్నారు. ఎంపీసీ వాళ్లకు డెబిట్, క్రెడిట్ అన్నవి బ్యాంకు మెసేజీల్లో చూసిన మాటలే. వాళ్లకోసం మొదటి నుంచి మొదలుపెట్టి చిట్టా, ఆవర్జా, సహాయక చిట్టాలు చెప్పుకుంటూ వస్తాం. జూలై ఆఖరుకు బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక దగ్గరికి వచ్చేసరికి ముందు వరుసలో బాగా చదివే నలుగురైదుగురు మాయమవుతారు. ఇంజినీరింగ్ సీటొచ్చింది. అదే వారంలో వెనక బల్లల్లో కొత్త ముఖాలు కనపడతాయి. వీళ్లు ఇంజినీరింగ్ రాక, దోస్త్ మూడు విడతల తర్వాత వచ్చే ప్రత్యేక విడతలోనో, మిగిలిన సీట్లలోనో చేరినవాళ్లు. చిట్టా పద్దు అంటే ఏమిటో తెలియని పిల్లాడికి సమన్వయ పట్టిక ఎలా చెప్పాలి? మళ్లీ మొదటికి వెళ్తే ఉన్నవాళ్లు విసుక్కుంటారు. వెళ్లకపోతే వచ్చినవాళ్లు తప్పుతారు. ఈ లోపు మొదటి ఇంటర్నల్ వస్తుంది. నాలుగు వారాల హాజరు లేని పిల్లాడు అందులో రాసేదేముంటుంది? మొదటి సెమిస్టర్ బ్యాక్‌లాగులు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. ఒకసారి మొదలైన బ్యాక్‌లాగు మూడో ఏడాది దాకా పిల్లాణ్ని వదలదు.

ప్రవేశాలు ముందే జరిపితే ఇన్ని కష్టాలు కదా, మరి వెనక్కి జరుపుదామా అంటే, పక్క రాష్ట్రం ఆ దారీ చూపించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వచ్చాయి. డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల నోటిఫికేషన్ వచ్చింది ఆగస్టులో. ఇంజినీరింగ్ పిల్లలు వేరుపడిపోయారు కాబట్టి ఆ గందరగోళం తగ్గిన మాట నిజమే. డిగ్రీయే చదవాలనుకున్నవాళ్లు మాత్రం నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నారు. ఆ నాలుగు నెలల్లో మగపిల్లాడు ఏదో షాపులో పనికి కుదురుకుంటాడు, ఆడపిల్లకు సంబంధాలు మొదలవుతాయి. ఆగస్టులో వాళ్లను మళ్లీ కాలేజీ దారి పట్టించడం ఎంత కష్టమో గ్రామీణ కాలేజీల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. కాబట్టి దోస్త్‌ను ఆలస్యం చేయమని నేను అడగడం లేదు. జూన్ 30న తరగతులు మొదలుపెట్టడం సరైనదే. ముందు చేరినవాడు నష్టపోకుండా, వెనక వచ్చినవాడు వెనకబడకుండా మధ్యలో కట్టాల్సిన వంతెన కట్టండి అంటున్నాను. దానికి ఏం చేయాలో మాకు తోచినవి ఇవి.

ఒకటి. ఇంటర్ పరీక్షలు మొదలు కాకముందే ఒకే కాగితం మీద అన్ని ప్రవేశాల క్యాలెండర్ ఇవ్వండి. దోస్త్, ఎప్‌సెట్ కౌన్సెలింగ్, సప్లిమెంటరీ ఫలితాలు పక్కపక్కన ఉండాలి. ఖచ్చితమైన తేదీ చెప్పలేని చోట ఫలానా వారమని చెప్పండి. ఆ కాగితం ప్రతి జూనియర్ కాలేజీ నోటీసు బోర్డు మీద ఉండాలి. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లాడు పరీక్ష రాసి బయటికి వచ్చేసరికి వాడి వేసవి ఎలా ఉండబోతోందో వాడికి తెలియాలి.

రెండు. సప్లిమెంటరీలో పాసైనవాళ్లకు రుసుము 200 రూపాయలే ఉంచండి, ఫలితాల తర్వాత కనీసం పది రోజుల గడువు షెడ్యూల్లోనే రాయండి. గడువులు తర్వాత పొడిగించడం అలవాటైపోయింది. పొడిగింపు దయలాగా కనపడుతుంది కానీ దాని వల్ల రెండు నష్టాలున్నాయి. తేదీని నమ్మి పరిగెత్తుకొచ్చినవాడు మోసపోయాననుకుంటాడు. పోయినసారి పొడిగించారు కదా అని ఈసారి ఆగినవాడు నిజంగానే మునుగుతాడు.

మూడు. దోస్త్ ద్వారా చేరిన విద్యార్థికి ఎప్‌సెట్ చివరి విడత ముగిసేదాకా సీటు వదులుకునే హక్కును రాతపూర్వకంగా ఇవ్వండి. దోస్త్ లాగిన్‌లో ఒక్క బటన్ నొక్కితే ప్రవేశం రద్దు కావాలి. ఆ రద్దు పత్రం చూపిస్తే మూడు రోజుల్లో సర్టిఫికెట్లు, యూజీసీ లెక్క ప్రకారం ఫీజు తిరిగివ్వాలి. ఇవ్వని కాలేజీ మీద ఫిర్యాదు కూడా అదే లాగిన్ నుంచి వెళ్లాలి. అసలు రిపోర్టింగ్ రోజున ఒరిజినల్స్ చూసి వెంటనే పిల్లాడి చేతికే ఇచ్చేస్తే, టీసీ ఒక్కటి ఆగస్టు తర్వాత తీసుకుంటే సగం తగవులు పుట్టవు. ఇలా చేస్తే మే నెలలో ఎవరడిగినా "ఇప్పుడే చేసెయ్యి" అని మేము నిర్భయంగా చెప్పగలం.

నాలుగు. పోయిన ఏడాది ఏ కాలేజీలో, ఏ కోర్సులో, ఏ కేటగిరీలో, ఏ విడతలో చివరి సీటు ఎన్ని మార్కులకు వచ్చిందో దోస్త్ పేజీలో తెలుగులో పెట్టండి. ఎప్‌సెట్ పిల్లలు గత ఏడాది చివరి ర్యాంకులు చూసుకునే ఆప్షన్లు పెట్టుకుంటున్నారు. డిగ్రీ పిల్లలు పక్కింటివాళ్ల మాట మీద పెడుతున్నారు. తన మార్కులకు ఫలానా సీటు రెండో విడతలో కూడా దొరికిందని కళ్లారా చూస్తే పిల్లాడు కంగారు లేకుండా ఆగుతాడు. మొదటి విడతలోనే నిండిందని తెలిస్తే ఆలస్యం చేయడు.

ఐదు. ఆధార్‌కు ఫోన్ నంబరు ఎక్కించే పనిని ఇంటర్ రెండో సంవత్సరంలోనే జూనియర్ కాలేజీల్లో శిబిరాలు పెట్టి పూర్తి చేయించండి. డిసెంబరులో, జనవరిలో ఒక్క రోజు పని ఇది. మే నెలలో అదే పని ఒక సీటు ఖరీదు చేస్తుంది.

ఆరు. మొదటి సెమిస్టర్ తొలి ఆరు వారాల పాఠాలను, అప్పటికి పిల్లలు ఇంకా వస్తూ పోతూ ఉంటారన్న సంగతి దృష్టిలో పెట్టుకుని రాయండి. ఆ కాలంలో పునాది పాఠాలు, భాషలు, కంప్యూటర్ పరిచయం లాంటివి ఉండాలి. ఆగస్టు మధ్య దాకా చేరినవాళ్ల కోసం పది రోజుల వంతెన తరగతి పెట్టి, ఆ తర్వాతే మొదటి ఇంటర్నల్ జరపాలి. హాజరును చేరిన రోజు నుంచి లెక్కించాలి. దీనికి కొత్త పోస్టులు అక్కర్లేదు, కొత్త భవనాలు అక్కర్లేదు. ఒక సర్క్యులర్, విశ్వవిద్యాలయాల పరీక్షల విభాగాలతో ఒక మాట చాలు.

ఇవి జరిగేదాకా మా దగ్గరికి వచ్చినవాళ్లను ఊరికే పంపలేం కాబట్టి, మేము చెప్తున్న జవాబు కూడా మీకు తెలియాలి. డిగ్రీయే చదవాలనుకున్న పిల్లకు, ఏమాత్రం ఆలోచన వద్దు, మొదటి విడతలోనే చెయ్యమంటాం. ఇంజినీరింగ్ ఆశ ఉన్నవాడికీ అదే చెప్తాం. రిజిస్టర్ చేసుకో, ఆప్షన్లు ధారాళంగా పెట్టు, నీకు ఇష్టమైనవి పైన, సీటు ఖాయంగా వస్తుందనుకున్నవి కింద పెట్టు, సీటొస్తే సెల్ఫ్ రిపోర్టింగ్ తప్పకుండా చెయ్యి, దాంతో తర్వాతి విడతలో ఇంకా మంచి సీటుకు ప్రయత్నించే దారి మూసుకుపోదు. కాలేజీలో కాగితాలు ఇచ్చేటప్పుడు రసీదు అడుగు. ఓటీపీ మాకు కూడా నోటితో చెప్పొద్దు, నువ్వే కొట్టు. సప్లిమెంటరీ రాసినవాళ్లను ఫలితాల ముందే కులం, ఆదాయం సర్టిఫికెట్లు సిద్ధం చేసుకుని, ఆధార్‌కు ఫోన్ నంబరు ఎక్కించి పెట్టుకోమంటాం.

ఈ సలహాలో లోపం ఎక్కడుందో మీకు అర్థమయ్యే ఉంటుంది. "ఇప్పుడే చెయ్యి" అని చెప్పి, ఆగస్టులో సర్టిఫికెట్ల కోసం ఆ పిల్లాడు తిరుగుతుంటే మేము వెంట వెళ్లలేం. హెల్ప్‌లైన్ టేబుల్ మీద కూర్చున్న లెక్చరర్ మాటకు ఆ కాలేజీ ఆఫీసులో విలువ లేదు. మీ సర్క్యులర్‌కు ఉంటుంది. మేము చెప్పే జవాబు వెనక మీ సంతకం ఉండాలి.

రాబోయే నోటిఫికేషన్ రాసే కమిటీ కూర్చునే రోజున ఇంటర్ బోర్డు నుంచి ఒకరిని, ఎప్‌సెట్ ప్రవేశాల విభాగం నుంచి ఒకరిని, ఏదైనా మారుమూల ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో హెల్ప్‌లైన్ చూసిన అధ్యాపకుణ్ని ఒకరిని ఆ గదిలోకి పిలవండి. ముగ్గురి చేతిలో మూడు క్యాలెండర్లు పెట్టి, ఒకటి చేసేదాకా లేవకండి. ఆ ఒక్క కాగితం బయటికి వచ్చేది ఇంటర్ పరీక్షల ముందే కావాలి. పరీక్షల తర్వాత వస్తే అది మళ్లీ పిల్లల లెక్కే అవుతుంది.

ఇట్లు,
మొదటి సెమిస్టర్‌కు అకౌంటింగ్ చెప్పే ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు